ఆకాశవీథిని సాహసి: బిజూ పట్నాయక్ జీవితము

మన కోరాపుట్ జిల్లాలోని సునాబేడ పట్టణమున యుద్ధవిమానముల ఇంజనులు తయారుచేయు కర్మాగారము కలదని మీరెల్లరు ఎరుగుదురు. మీలో కొందరి తాతలు, తండ్రులు అందు పనిచేసినవారే. ఇంతటి కర్మాగారము మహానగరములను విడిచి ఈ కొండల నడుమకు ఎట్లు వచ్చెనని ఎన్నడైన ఆలోచించితిరా? అట్లే రాయగడ ఒక ప్రత్యేక జిల్లా యెట్లయ్యెనో తెలిసికొంటిరా? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము వెదకుచు పోయినచో ఒకే మనిషి పేరు మనకు ఎదురగును. ఆయన బిజయానంద పట్నాయక్. జనులు ప్రేమతో బిజూబాబు అని పిలిచెడివారు. ఆయన ముఖ్యమంత్రిగా పనిచేసినట్లు పెద్దలకు తెలియును. కాని అంతకుముందు ఆయన యుద్ధకాలపు వైమానికుడనియు, పరదేశ ప్రజల స్వాతంత్ర్యము కొరకు ప్రాణములకు తెగించినవాడనియు, ఒక దేశము ఆయనను తన బిడ్డగా గౌరవించెననియు పిల్లలలో అనేకులకు తెలియదు. ఆ కథయే ఇచట చెప్పబడుచున్నది.

బిజూ 1916వ సంవత్సరము మార్చి 5వ తేదీన కటకము నగరమున జన్మించెను. తండ్రి లక్ష్మీనారాయణ పట్నాయక్, తల్లి ఆశాలత. వారి పూర్వుల ఊరు గంజాం జిల్లాలోని బెల్లగుంఠ ప్రాంతమున ఉన్నది. ఆనాటికి ఒరిస్సా అను ప్రత్యేక రాష్ట్రమే లేదు. కటకము బీహారు-ఒరిస్సా రాష్ట్రమున ఉండగా, గంజాము, కోరాపుట్ ప్రాంతములు చెన్నపట్టణపు ప్రభుత్వము క్రింద ఉండెను. మన కోరాపుట్ విశాఖపట్టణపు ఏజెన్సీలోని భాగము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు ఈ ప్రాంతములన్నియు అందులో చేరెను. అనగా బిజూ పుట్టిన ఊరొక రాష్ట్రము, పూర్వుల ఊరు మరియొక రాష్ట్రము. ఇంటిలో ఒక భాష, బడిలో ఒక భాష, బజారులో మరియొక భాష వినుచు పెరుగుచున్న మనకు ఈ స్థితి క్రొత్తది కాదు. పటములోని గీతలు మారుచునే యుండును. మనుషులు మాత్రము ఆ గీతలకు ఇరువైపుల బంధువులుగనే మిగులుదురు. ఈ సత్యము బిజూ జీవితమున అడుగడుగున కనబడును.

బాల్యమున ఆయనకు చదువుకంటె ఆటలయందును, సాహసములయందును మక్కువ మెండు. కటకమునందు దిగిన ఒక చిన్న విమానమును దగ్గరగా చూడబోయిన బాలుని కావలివారు తరిమివేసిరనియు, ఆనాడే తాను విమానము నడపి తీరవలెనని ఆ బాలుడు పట్టుబట్టెననియు చెప్పుకొందురు. రావెన్షా కళాశాలలో చదువుచుండగా మిత్రులతో కలిసి కటకము నుండి పెషావరు వరకు సైకిలుపై యాత్ర చేసెను. తుదకు కళాశాల చదువును మధ్యలో విడిచి, విమానము నడపుట నేర్చుకొన బయలుదేరెను. ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్బులో శిక్షణ పొంది, ఇండియన్ నేషనల్ ఎయిర్‌వేస్ అను సంస్థలో వైమానికుడుగా చేరెను. భారతీయులు విమానము ఎక్కుటయే అరుదుగా నున్న దినములవి. 1939లో జ్ఞానవతీదేవిని వివాహమాడెను. ఆమెయు విమానము నడపగల ధీరురాలు.

ఆ సంవత్సరముననే రెండవ ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. బిజూ ఇండియన్ ఎయిర్‌ఫోర్సు కొలువులో విమానములు నడపెను. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు కురిపించిరి. 1942 మార్చిలో రంగూను వారి వశమయ్యెను. ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపై కూడ బాంబులు పడెను. రంగూను పేరు వినగనే మన ప్రాంతపు ముసలివారి కన్నులు చెమ్మగిల్లెడివి. ఏలనన గంజాము, విశాఖపట్టణము, గోదావరి తీరముల నుండి వేలకొలది తెలుగువారు కూలి కొరకు ఓడలెక్కి రంగూను వెళ్లిరి. రేవులలో మూటలు మోసిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి. యుద్ధము రాగానే లక్షలాది భారతీయులు అడవులును కొండలును దాటి కాలినడకను ఇంటిముఖము పట్టిరి. ఆకలిచేతను, కలరా, మలేరియా జ్వరములచేతను త్రోవలోనే రాలిపోయినవారెందరో!

అట్టి తరుణమున బిజూ విమానము నడపుచు రంగూను నుండి బ్రిటిషు కుటుంబములను సురక్షితముగా తరలించెను. ఆపదలోనున్న స్త్రీలను, పిల్లలను కాపాడుట వైమానికుని ధర్మము. ఆ ధర్మమును ఆయన నిర్వర్తించెను. కాని పైనుండి క్రిందికి చూచినపుడు మరియొక దృశ్యము కూడ ఆ మార్గములలో ఉండెను. దొరల కుటుంబములకు విమానములు, మన కూలీలకు అడవిదారులు. పరాయి ప్రభుత్వము దృష్టిలో మనుషులందరి ప్రాణము ఒక్క విలువ కాదని ఆ సంవత్సరము తెలియజెప్పెను.

ఇచట బిజూ జీవితమున గొప్ప సంకటము ఏర్పడెను. 1942 ఆగస్టులో గాంధీమహాత్ముని నాయకత్వమున క్విట్ ఇండియా ఉద్యమము బయలుదేరెను. బిజూ ఒంటిపై ఉన్నది రాజుగారి సైనికదుస్తు. చేతిలో ఉన్నది రాజుగారి విమానము. మనస్సులో ఉన్నది మాత్రము దేశము. కొలువు విడిచి ఉద్యమమున చేరవచ్చును, లేదా కన్ను మూసికొని జీతము తీసికొనవచ్చును. ఆయన ఈ రెండును చేయక మూడవ మార్గము త్రొక్కెను. ప్రభుత్వపు విమానములోనే స్వాతంత్ర్యోద్యమపు కరపత్రములను మోసికొనిపోయి, బర్మా యుద్ధరంగమున బ్రిటిషువారి పక్షమున పోరాడుచున్న భారతసైనికులకు అందునట్లు జారవిడిచెను. అజ్ఞాతవాసమున నున్న జయప్రకాశ్ నారాయణ్, అరుణా అసఫ్ అలీ, రామమనోహర్ లోహియా వంటి నాయకులకు రహస్యముగా తోడ్పడెను.

ఇది న్యాయమా, అన్యాయమా అని విద్యార్థులు తర్కింపవచ్చును. ఉప్పు తిన్న యింటికి ద్రోహము చేయరాదని మన పెద్దలు నేర్పిరి. ఐతే ఆ ఉప్పు ఎవరిది? ఈ దేశపు సముద్రమున పండిన ఉప్పే కదా! బిజూ తన యుద్ధవిధిని ఎగవేయలేదు. ఆపన్నులను కాపాడుట మానలేదు. కాని తన దేశమును బంధించిన అధికారమునకు తన అంతరాత్మను అమ్మలేదు. పైగా తన చేతకు శిక్ష పడునని తెలిసియే చేసెను. శిక్షను తప్పించుకొనజూచువాని పనికిని, శిక్షను ఎదురుచూచుచు చేయువాని పనికిని ఎంతయో భేదము కలదు.

1943 జనవరిలో ప్రభుత్వము ఆయనను బంధించెను. రెండేండ్లకు పైగా ఆయన చెరసాలలలో గడపెను. అదే కాలమున మన కోరాపుట్ ప్రాంతమున తెంతులిగుమ్మ గ్రామవాసియైన లక్ష్మణ నాయక్ కూడ అదే ఉద్యమము కొరకు కారాగారమున ఉండెను. 1943 మార్చి 29వ తేదీన బరంపురము చెరలో ఆయనను ఉరితీసిరి. ఒకడు ఆకాశమున తిరిగిన వైమానికుడు, వేరొకడు అడవిలో పుట్టిన గిరిజనుడు. ఇరువురిని ఒకే కోరిక చెరసాల గోడల లోపలికి చేర్చెను. వారిలో ఒకరు తిరిగివచ్చిరి, ఒకరు రాలేదు. తిరిగివచ్చినవాడు మిగిలిన జీవితమును ఎట్లు వాడుకొనెనో చూతము.

విడుదలయైన పిదప 1946లో బిజూ ఒరిస్సా శాసనసభకు ఎన్నికయ్యెను. కళింగ పేరుతో విమానసంస్థను నెలకొల్పి డకోటా విమానములను నడపసాగెను. అప్పుడు దూరపు తూర్పు సముద్రముల నుండి ఒక పిలుపు వచ్చెను.

ఇండోనేషియా అను ద్వీపదేశము ఎన్నో ఏండ్లు డచ్చివారి ఏలుబడిలో నలిగెను. 1945 ఆగస్టు 17వ తేదీన ఆ దేశనాయకులు స్వాతంత్ర్యమును ప్రకటించిరి. డచ్చివారు దానిని అంగీకరింపక, 1947 జులై 21వ తేదీన పెద్ద సైన్యముతో జావాపైనను, సుమత్రాపైనను దాడి సాగించిరి. సముద్రమార్గములును, ఆకాశమార్గములును వారి అదుపులోనే ఉండెను. తమ గోడును ప్రపంచమునకు వినిపించుటకు ఇండోనేషియా నాయకులకు వెలుపలికి పోవు దారియే లేకపోయెను. జవహర్‌లాల్ నెహ్రూ ఈ పనికి బిజూను కోరెను. అప్పటికి మనదేశమునకు స్వాతంత్ర్యమింకను రాలేదు. తన సంకెలలు పూర్తిగా తెగకముందే పరులసంకెలలు తెంచుటకు పూనుకొన్న కాలమది!

బిజూ తన డకోటాపై బయలుదేరెను. జ్ఞానవతీదేవియు ఆయన వెంట వెళ్లెను. ఇంటిలో పసిబిడ్డలు ఉండిరి. చిన్నకుమారునికి ఏడాదియైన నిండలేదు. తమ అనుమతి లేక వచ్చిన విమానమును కూల్చివేయుదుమని డచ్చివారు హెచ్చరించిరని చెప్పుదురు. ఐనను ఆ దంపతులు వెనుకంజ వేయలేదు. జావాలో విమానము దింపి, కొద్దిదినముల క్రిందటి వరకు ఆ దేశపు ప్రధానమంత్రిగా నుండిన సుతాన్ షారీర్‌ను ఎక్కించుకొని, సింగపూరు మీదుగా భారతదేశమునకు చేర్చిరి. తరువాత మహమ్మద్ హట్టా కూడ ఇట్లే రహస్యముగా వచ్చి నెహ్రూను కలిసికొనెను.

ఈ సాహసము వేటగాని సరదావంటిది కాదని అనుటకు ఒక ఘోరసంఘటన సాక్ష్యము. బిజూకు చెందిన మరియొక డకోటా కలదు. దాని గుర్తు వి.టి.-సి.ఎల్.ఎ. అది 1947 జులై 29వ తేదీన సింగపూరు నుండి మలయా రెడ్‌క్రాసువారు ఇచ్చిన మందులతో యోగ్యకర్తకు బయలుదేరెను. దానిని నడపినవాడు అలెగ్జాండర్ నోయెల్ కాన్‌స్టంటైన్. ఆయన ఆస్ట్రేలియా దేశీయుడు. ప్రపంచయుద్ధమున రాయల్ ఎయిర్‌ఫోర్సులో యుద్ధవిమానములు నడపి, బర్మా సరిహద్దున ఒక స్క్వాడ్రనుకు నాయకత్వము వహించిన వీరుడు. యుద్ధము ముగిసిన పిదప ఇంటికి పోయి సుఖముగా ఉండవచ్చును. అట్లు చేయక, రోగులకు మందులు మోయు పనికి వచ్చెను. యోగ్యకర్త చేరువలో డచ్చి యుద్ధవిమానములు రెండు ఆ నిరాయుధవిమానముపై కాల్పులు జరిపి కూల్చివేసెను. కాన్‌స్టంటైన్, ఆయన భార్య, ఆంగ్ల వైమానికుడు రాయ్ హేజిల్‌హర్స్ట్, భారతీయ ఇంజనీరు బిదారామ్, ఇండోనేషియా వైమానికదళపు నిర్మాతలైన ఆదిసుచిప్తో, అబ్దుల్ రహమాన్ సాలే మున్నగువారు ఎనమండుగురు మరణించిరి. తొమ్మిదిమందిలో ఒక్కడు మాత్రము బ్రతికి బయటపడెను.

గమనింపుడు! ఆ విమానములో ఆస్ట్రేలియావారు, ఆంగ్లేయుడు, భారతీయుడు, ఇండోనేషియావారు కలిసి ప్రయాణించిరి. వారి భాషలు వేరు, మతములు వేరు, దేశములు వేరు. మందుల పెట్టెలపై ఆ భేదములేవియు వ్రాసియుండలేదు. ఇండోనేషియావారు నేటికిని జులై 29వ తేదీని తమ వైమానికదళపు సేవాదినముగా పాటించుచున్నారు.

ఆ మరణములు వ్యర్థము కాలేదు. మరునాడే, అనగా జులై 30వ తేదీన, భారతదేశమును ఆస్ట్రేలియాయు ఇండోనేషియా సమస్యను ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఎదుట పెట్టెను. ఆగస్టు 1వ తేదీన మండలి ఉభయులను యుద్ధము ఆపుమని కోరెను. బిజూ విమానములో వెలుపలికి వచ్చిన షారీర్ ఆగస్టు 14వ తేదీన ఆ మండలిలో తన దేశము పక్షమున మాట్లాడెను. ఆ మరునాడు మన దేశమున స్వాతంత్ర్యపతాకము ఎగిరెను. ఇండోనేషియాకు పూర్తి స్వాతంత్ర్యమును డచ్చివారు 1949 డిసెంబరు 27వ తేదీన అంగీకరించిరి. ఒక మనిషిని ఒక సభకు చేర్చుటయే ఒక్కొక్కప్పుడు వేయి ఫిరంగులకంటె గొప్ప పనిచేయునని దీనివలన తెలియుచున్నది. ఇండోనేషియా బిజూను భూమిపుత్రుడుగా గౌరవించెను. 1995లో బింతాంగ్ జాస ఉతామ అను ఉన్నత పతకమును కూడ ఇచ్చెను.

1947 అక్టోబరులో కాశ్మీరముపై దాడి జరిగినపుడు, 27వ తేదీ మొదలుకొని మన సైనికులను డకోటాలలో శ్రీనగరమునకు చేరవేయవలసివచ్చెను. విమానాశ్రయము శత్రువుల చేతిలో పడెనో లేదో తెలియని దినములలో ఆ పనికి పూనుకొన్న వైమానికులలో బిజూయు ఒకడు.

యుద్ధము తెలిసినవాడు శాంతికాలమున ఏమి చేయవలెను? బిజూ కర్మాగారములు నెలకొల్పెను. శాస్త్రజ్ఞానమును సామాన్యప్రజలకు తెలియజెప్పువారికి ఏటేట ఇచ్చుటకై యునెస్కో ద్వారా కళింగ బహుమానమును ఏర్పాటుచేసెను. 1952లో మొదటి బహుమానమును ఫ్రాన్సు శాస్త్రవేత్త లూయీ ద బ్రోయి అందుకొనెను. 1961 జూన్ నుండి 1963 అక్టోబరు వరకు ఆయన ముఖ్యమంత్రిగా ఉండెను. పారాదీప్ ఓడరేవుకు 1962 జనవరిలో నెహ్రూ శంకుస్థాపన చేసెను. రూర్కెలాలో ఇంజనీరింగు కళాశాల, భువనేశ్వరమున వ్యవసాయ విశ్వవిద్యాలయము, సైనిక పాఠశాల ఆ కాలమున వెలసెను. మిగ్ యుద్ధవిమానములను మనదేశమున తయారుచేయ నిశ్చయించినపుడు ఆ పనిని మూడుచోట్లకు పంచిరి. విమానపు శరీరము నాసికలోను, ఎలక్ట్రానిక్ పరికరములు హైదరాబాదులోను, ఇంజను మన సునాబేడలోను తయారు కావలెనని నిర్ణయించిరి. ఇంజనుల భాగము ఒరిస్సాకు, అందును వెనుకబడిన కోరాపుట్‌కు వచ్చుటలో బిజూ పట్టుదల ఉన్నది. కొండదారుల పల్లెలకు యంత్రవిద్య నడచివచ్చెను. మన తెలుగు కుటుంబములు అనేకము ఆ పని వలననే సునాబేడలో స్థిరపడినవి.

ఆయన జీవితమున విజయములే కాదు, ఓటములును కలవు. వాటిని దాచుట చరిత్రకు న్యాయము కాదు. తొందరపాటు ఆయన స్వభావమున ఉండెను. నియమములు అడ్డువచ్చినచో వాటిని దాటిపోవుటకే చూచెడివాడని విమర్శకులు చెప్పిరి. వ్యాపారియు, పాలకుడును ఒక్కరే ఐనపుడు ప్రజలకు సందేహములు కలుగుట సహజము. ఆయన పాలనపై విచారణసంఘము నియమింపబడెను. 1967 ఎన్నికలలో ఆయన పరాజయము పొందెను. 1969లో పూర్వపు పార్టీని విడిచి ఉత్కళ కాంగ్రెసును స్థాపించెను. 1975లో అత్యవసరపరిస్థితి ప్రకటింపబడగా, పరాయి ప్రభుత్వము బంధించిన మనిషిని స్వదేశప్రభుత్వము మరల బంధించెను. 1977లో లోకసభకు ఎన్నికై కేంద్రమున ఉక్కు, గనుల శాఖామంత్రి అయ్యెను. ఓడినను క్రుంగక, గెలిచినను నిలువక మరల మరల పనిలోనికి దిగుట ఆయన లక్షణము.

1990 మార్చి 5వ తేదీన, తన పుట్టినదినముననే, ఆయన రెండవమారు ముఖ్యమంత్రి పదవిని స్వీకరించెను. అప్పుడు ఒరిస్సాలో పదమూడు జిల్లాలు మాత్రమే ఉండెను. అవిభక్త కోరాపుట్ ఎంత విశాలమనగా, ఒక మూలనున్న పేదవాడు కచేరీ పనికి జిల్లా కేంద్రమునకు పోయివచ్చుటకు దినములు పట్టెడివి. 1992 అక్టోబరు 2వ తేదీన ఆ జిల్లాను విభజించి రాయగడ, నవరంగపురము, మల్కనగిరి అను క్రొత్త జిల్లాలను ఏర్పరచిరి. గ్రామపంచాయతీలలో స్త్రీలకు మూడవవంతు స్థానములు ప్రత్యేకించిన మొదటి రాష్ట్రములలో ఒరిస్సా ఒకటి. అదియు ఆయన పాలనలోనిదే. 1995 ఎన్నికలలో మరల అధికారము పోయెను. 1997 ఏప్రిల్ 17వ తేదీన, ఎనుబదియొక్క ఏండ్ల వయస్సున, ఢిల్లీలో ఆయన కన్నుమూసెను. ఇంటిలో విడిచి వెళ్లిన ఆ చిన్నకుమారుడు నవీన్ పట్నాయక్ 2000 నుండి 2024 వరకు ముఖ్యమంత్రిగా ఉండెను. భువనేశ్వరపు విమానాశ్రయము బిజూ పేరును ధరించియున్నది. కలకత్తాలో ఏండ్ల తరబడి మూలబడియుండిన ఆయన డకోటా విమానమొకటి 2023 జనవరిలో లారీలపై భువనేశ్వరము చేరెను. 

బాలబాలికలారా! మనము ఒడియావారి నడుమ తెలుగు చదువుకొనుచున్నాము. మన సంఖ్య స్వల్పము. అల్పసంఖ్యాకులమైన మనకు ఏమి చేత నగునని కొందరు నిరుత్సాహపడుదురు. మన భాష మనకుండగా ఇరుగుపొరుగు భాషతో పనియేమని మరికొందరు తలుపులు మూసికొందురు. ఈ రెండును తప్పులే. తన నేలను ప్రేమించుటచేతనే బిజూ జావా ప్రజల బాధను తెలిసికొనగలిగెను. తన దేశమును విడిచి వచ్చిన కాన్‌స్టంటైన్ తనకు పరిచయము లేని రోగుల కొరకు ప్రాణమిచ్చెను. ఇంటిభాషను చక్కగా నేర్చినవాడు పొరుగుభాషను గౌరవించును. పొరుగువాని కష్టము ఎరిగినవాడే తన వారికి గౌరవము తెచ్చును.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లలకు తెలుగు చదువుతోపాటు ఒడియా నేర్పుటకు సంకోచింపకుడు. పుస్తకము విడిచి ఆకాశము వైపు చూచు పిల్లవానిని వెంటనే గద్దింపకుడు. కటకమున విమానమును చూచి తరిమివేయబడిన బాలుడొకడు తరువాత ఒక దేశపు గొంతును ప్రపంచసభకు మోసికొనిపోయెను. ఈ కొండలలోని మన బడులలో అట్టి పిల్లలు ఎందరున్నారో ఎవరికెరుక?